సోమవారం రాని ప్రశ్న

ఏడు ఉత్తరాలు రాశాను. ఏడూ రిజిస్టర్ పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డులు ఏడూ తిరిగి వచ్చాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. రెండుసార్లు స్వయంగా వెళ్లి మా శిక్షణ కేంద్రం గేటు దగ్గర కూర్చున్నాను. మొదటిసారి వాచ్‌మన్ మంచినీళ్లిచ్చాడు. రెండోసారి అదీ లేదు. ఇంతవరకూ నన్ను పట్టించుకున్నవాళ్లు లేరు కాబట్టి జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. అచ్చులో పడితే ఎవరో ఒకరు చదవక తప్పదు.

నేను అడుగుతున్నది ఒక్కటే. ఆ కేంద్రంలో మూడు నెలలుండి తన దేశానికి తిరిగి వెళ్లిన ఒక టీచరమ్మ క్షేమంగా ఉందా, లేదా? ఆమె పేరు రాయను. దేశం పేరు కూడా రాయను. అది మా పద్ధతి. ఒకసారి పద్ధతి తప్పినవాణ్ణి, రెండోసారి తప్పను.

మదనపల్లె నుంచి అంగళ్లు అనే ఊరికి వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఆ కేంద్రం. ఒకప్పుడు అందులో పట్టుపురుగులు పెంచేవాళ్లు. ఆ షెడ్డుకే కిటికీలు పెట్టి, సున్నం కొట్టి క్లాసు రూము చేశారు. వానాకాలం గోడ చెమ్మెక్కితే ఇప్పటికీ మల్బరీ ఆకు వాసన వస్తుంది. మానవ హక్కుల పని చేసేవాళ్లు దేశదేశాల నుంచి అక్కడికి వస్తారు. బ్యాచీకి పది పన్నెండు మంది. వాళ్లలో లాయర్లుంటారు, నర్సులుంటారు, పడవలు నడిపేవాళ్లుంటారు. తమ ఊళ్లలో జరిగే అన్యాయాన్ని ఎలా రాసి పెట్టాలి, ఎవరికి పంపాలి, పంపాక తమ ప్రాణం ఎలా కాపాడుకోవాలి అన్నవి నేర్చుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని ఫారినోళ్ల బడి అంటారు.

అందులో నేను అర్జీల పాఠం చెప్పేవాణ్ణి. చదివింది ఇంటరే. మా అమ్మా నాన్నా కూలికి పోయి చదివించారు. పుంగనూరులో ఒక ఆఫీసులో టపాలు తీసుకునే గుమాస్తాగా చేరి, అదే కుర్చీలో రిటైరయ్యాను. నాకు రావలసిన ప్రమోషను నా తర్వాత చేరినవాడికి ఇచ్చారు. దాని మీద సర్వీసులో ఉన్నన్నాళ్లూ అర్జీలు పెట్టాను, దిగిపోయాక కూడా పెట్టాను. అర్జీ ఆఫీసులోకి ఎలా వస్తుందో, లోపల ఎలా చస్తుందో రెండు వైపుల నుంచీ చూసినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అందుకే పిలిచారు. అయినా మొదటి రోజు పెద్దసారు, అంటే కేంద్రం నడిపే ఆయన, మిగతా పంతుళ్ల డిగ్రీలన్నీ చదివి, నా దగ్గరికి వచ్చేసరికి "ఈయన ఫీల్డ్ విజిట్లు చూసుకుంటారు" అన్నాడు. వ్యాను తోలేవాణ్ణి పరిచయం చేసినట్టు చేశాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

నాది ఆఫీసు ఇంగ్లీషు. వచ్చేవాళ్లలో సగం మందిదీ అలాంటిదే. కాబట్టి ఒకరికొకరం అర్థమయ్యేవాళ్లం. వాళ్ల మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ప్రతి బ్యాచీని ఒక సోమవారం పుంగనూరుకు తీసుకెళ్లేవాణ్ణి. ఆ రోజు ఆఫీసులో జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. ఒక్కో అర్జీదారు వెనక ఒక్కో ఫారిన్ మనిషిని నిలబెట్టేవాణ్ణి. టీచరమ్మకు ఒక ముసలామె దొరికింది. వాళ్ల కాలనీ నుంచి శ్మశానానికి పోయే దారిని పక్క పొలం వాళ్లు దున్నేసుకున్నారు. అదీ ఆమె అర్జీ.

"ఎవురప్పా ఈ పాప? మన పక్క మనిషి మాదిరే ఉండాది" అంది ముసలామె నాతో.

"శానా దూరం అవ్వా. విమానంలో వచ్చిండాది."

"విమానమెక్కి వచ్చి ఈ వరసలో నిలబడతాందా! యాల, వాళ్లూళ్లో వరసలు లేవా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. టీచరమ్మ నవ్వింది. "మా ఊళ్లో కూడా వరస ఉంది. వరస చివర కిటికీ లేదు" అంది. దాన్ని నేను తెలుగు చేసి చెబితే ముసలామె నవ్వలేదు. పక్కకు జరిగి, తన కొంగు కింది నీడలోకి ఆమెను లాక్కుంది.

కిటికీలో గుమాస్తా అర్జీ తీసుకున్నాడు కానీ కాపీ మీద సీలు వేయనన్నాడు. రేపు రమ్మన్నాడు. రేపు రమ్మనడం ఎలా ఉంటుందో ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా నాకు తెలుసు. వరండాలో గచ్చు మీద కూర్చున్నాను. ముసలామె కూర్చుంది. టీచరమ్మ కూడా చెప్పులు విడిచి మా పక్కన కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత మా మొహాలు చూడలేక సీలు వేశాడు. టీచరమ్మ ఆ కాపీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"దీనికి భయపడేది ఎవరు?" అంది.

"తీసుకున్నవాడు. ఇక తీసుకోలేదని చెప్పలేడు."

ఆమె నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకుంది. నా ఉద్యోగమంతా వేరేవాళ్లు చెప్పింది నేను రాసుకున్నాను. నేను చెప్పింది ఒకరు రాసుకోవడం అదే మొదలు.

ఆమె ఊళ్లో సర్కారు మనుషులు వచ్చి జనాన్ని ఇళ్లలో నుంచి తీసుకెళ్లేవాళ్లు. అడగడానికి వెళితే అలాంటి మనిషెవరూ మా దగ్గరికి రాలేదని చెప్పేవాళ్లు. ఆమె బడిపిల్లల నోటుబుక్కులో ఆ పేర్లు రాసిపెట్టేది. ఆ జాబితాలో ఆమె తమ్ముడి పేరు కూడా ఉందని నాకు కుప్పంలో తెలిసింది.

కుప్పం పక్క గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లతో మాట్లాడటానికి వెళ్లాం. మా కేంద్రంలో వంట చేసే ఆమెది ఆ పక్క పల్లె. కూలీలు ఆమె ఇంటికే వచ్చి మాట్లాడారు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో కలిపి మాట్లాడుతుంటే ఇంగ్లీషు చేయలేక నా పని అయిపోయింది. తర్వాత వంటామె సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. తిరుగు ప్రయాణంలో వ్యాను కుప్పంలో మా తమ్ముడి వీధి మీదుగా పోయింది. నేను మొహం ఇటు తిప్పుకున్నాను. పక్క సీట్లోని టీచరమ్మ గమనించింది.

"అటు ఎందుకు చూడరు?"

చెప్పాను. తమ్ముడి కూతురి పెళ్లి కార్డులో పెద్దల పేర్లు అచ్చు వేశారు. మా చిన్నాన్న పేరుంది, తమ్ముడి మామ పేరుంది, ఆ మామ తమ్ముడి పేరుంది. నాది లేదు. పెళ్లికి పోలేదు. అప్పటినుంచి మాటల్లేవు.

"ఎన్నేళ్లు?"

"తొమ్మిది."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "మా తమ్ముణ్ణి తీసుకెళ్లి నాలుగేళ్లు. వాడి పెళ్లి అంటూ జరిగితే, కార్డులో నా పేరు లేకపోయినా పోయేదాన్ని."

ఆ మాట నాకు నచ్చలేదు. నా ఇంటి సంగతి ఆమెకెందుకు అనుకున్నాను. లేచి డ్రైవరు పక్క సీట్లోకి మారాను.

చివరి వారం జాగ్రత్తల పాఠం ఉంటుంది. ఇక్కడ నుంచి వెళ్లిన ప్రతి మనిషికీ వాళ్ల దేశం బయట ఒక తోడు మనిషి ఉండాలి. వారానికి ఒకసారి ఆ తోడుకు ఒక మాట పంపాలి. వేరేవాళ్లు చదివినా అనుమానం రాని మాట అయి ఉండాలి. తోడు కూడా ముందే అనుకున్న మాటతోనే జవాబివ్వాలి. జవాబు వచ్చిందంటే అవతల కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నాడని ధైర్యం. ఒక వారం మాట రాకపోతే తోడు ఒకసారి పలకరించి చూడాలి. రెండో వారం కూడా రాకపోతే ఆ రోజు పన్నెండు లోపల కేంద్రానికి చెప్పాలి. అక్కడి నుంచి ఎవరికి ఫోన్లు చేయాలో కేంద్రానికి తెలుసు. ఇంకో నియమం, తోడు ఎవరన్నది బయటపడకూడదు. అతని పేరు నలుగురిలో పలకకూడదు, అతనితో ఫొటో దిగకూడదు. ఎందుకంటే వెళ్లిన మనిషి దొరికితే, ఆ ఫొటోలు, ఆ పేర్లు పట్టుకుని వెతుకుతారు. ఈ నియమాలన్నీ ఒక పేజీలో నా చేత్తో నేనే రాశాను. దాన్నే జెరాక్స్ తీసి అందరికీ పంచేవాళ్లు.

టీచరమ్మ తోడుగా నన్ను ఎంచుకుంది. ఎందుకన్నాను. "మీరు ఏదీ మర్చిపోరు కదా" అంది. ఆమె పంపే మాట "వాన పడిందా?" నేను ఇచ్చే జవాబు, పడింది, లేదా పడలేదు. పుంగనూరు కిటికీ గుర్తుగా రోజు సోమవారం పెట్టుకున్నాం.

ముగింపు సభ రోజు ఒక్కొక్కరూ లేచి కృతజ్ఞతలు చెప్పారు. టీచరమ్మ వంతు వచ్చింది. పెద్దసారుకు చెప్పింది. పంతుళ్లందరికీ చెప్పింది. వంటామెకు చెప్పింది, వ్యాను డ్రైవరుకు చెప్పింది, గేటు దగ్గర కుక్కకు కూడా చెప్పి అందరినీ నవ్వించింది. నా పేరు ఎత్తలేదు. తర్వాత అందరూ ఫొటోకు నిలబడ్డారు. నేను పోయి చివర నిలబడబోతుంటే పెద్దసారు కెమెరా నా చేతిలో పెట్టాడు. "సర్, మీరు తీయండి" అన్నాడు. తీశాను. ఆ ఫొటోలో నా వేలి నీడ కూడా లేదు. ఆ రోజు భోజనం చేయకుండా బస్సెక్కి వచ్చేశాను.

నేను మదనపల్లెలో ఒక టైలరు షాపు మీది గదిలో ఒక్కణ్ణే ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఇంటివాళ్లతో ఒక గొడవ, ఆఫీసువాళ్లతో ఒక గొడవ, ఎదురింటివాళ్లతో కుళాయి దగ్గర ఒక గొడవ. నా తప్పేం లేదు, అన్నిటికీ కాగితాలున్నాయి. కానీ ఫోను మోగదు. కింద మిషన్ల చప్పుడు ఆగే ఆదివారం మధ్యాహ్నాల్లో నా గదిలో నేను దగ్గితే నాకే కొత్తగా వినబడుతుంది.

సోమవారం మాత్రం పొద్దున్నే లేచి, మెట్ల మీద నిలబడి ఆకాశం చూసేవాణ్ణి. ఏడు దాటేసరికి ఫోను కదిలేది. వాన పడిందా? పడలేదు. మా పక్క ఎప్పుడూ అదే జవాబు. అయినా ఒక మనిషి నన్ను ఒక ప్రశ్న అడుగుతోంది, నా జవాబు కోసం కాచుకుంటోంది. పది నెలలు అలా గడిచాయి.

ఆ మధ్య నా కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా గదిలో తోడు ఎవరూ లేరు. ఒక సోమవారం నియమం పక్కన పెట్టి, ఆపరేషన్ సంగతి, మెట్లు దిగలేని సంగతి పెద్దగా రాసి పంపాను. మరుసటి సోమవారం వచ్చింది జవాబు. వాన పడిందా? అంతే. ఎలా ఉంది కన్ను అని లేదు. నాకు ముగింపు సభ మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. కుక్కకు చెప్పింది, నాకు చెప్పలేదు. ఇప్పుడు ఇదీ.

తర్వాతి సోమవారం కూడా వాన పడిందా అని అడిగింది. నేను జవాబివ్వలేదు. కావాలనే ఇవ్వలేదు. జవాబు రాకపోతే ఎలా ఉంటుందో ఆమెకూ తెలియాలి అనుకున్నాను.

మరుసటి సోమవారం ప్రశ్న రాలేదు. రోషం వచ్చిందన్నమాట అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త తృప్తిగా కూడా ఉండింది. పలకరించలేదు. రెండో సోమవారం కూడా రాలేదు. పన్నెండు లోపల కేంద్రానికి చెప్పాలి. గడియారం వైపు చూశాను కూడా. ఇంకెవరినో తోడు పెట్టుకుని ఉంటుంది, నాకెందుకు చెబుతుంది అనుకుని టీ తాగడానికి పోయాను. మూడో సోమవారం వాన పడింది. ఆ ఏడు మొదటి వాన. టైలరు షాపులోకి నీళ్లొచ్చాయి, బట్టలు బల్లల మీదికి ఎత్తారు. నేను మెట్ల మీద తడుస్తూ నిలబడి ఫోను తీశాను, మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

నాలుగో సోమవారం కొత్త బ్యాచీకి పాఠం చెప్పడానికి కేంద్రానికి వెళ్లాను. వంటింటి గోడకు పాత బ్యాచీ ఫొటో అంటించి ఉంది. వంటామె చెనక్కాయలు వేయిస్తోంది.

"ఏమప్పా, అంత గుర్రుగా సూస్తాండావు ఆ ఫొటోని?"

"అందరూ ఉండారు. నేనొక్కణ్ణే లేను కదా, అదే సూస్తాండా."

"అబ్బా, ఇంగా మరవలేదా నువ్వు! గమ్మున ఉండప్పా. అది పెద్దసారు పని గాదు. ఆ టీచరమ్మే వద్దనింది."

"యాల వద్దనింది?"

"నాకేం తెలుసు? ఆ దినం నేను టీ ఇస్తాండా. ఆయమ్మ పెద్దసారు కాడికి పోయి నీ తట్టు సూపించింది, కెమెరా సూపించింది, వద్దు వద్దని సెయ్యి తిప్పింది. మళ్లా పొయ్యేటప్పుడు ఈడికొచ్చి నన్ను పట్టుకోని ఏడ్సింది. ఆయమ్మ బాస నాకు రాదు గదా, సైగలే. అందురూ అన్నట్ట సెయ్యి సుట్టూ తిప్పింది. దండం పెట్టింది. మళ్లా ఒకే ఒక ఏలు సూపించి, ఆ ఏలు నోటిమీద పెట్టుకునింది. నాకేం తెలీలా. నీకేమన్నా తెలస్తాందా?"

తెలిసింది. అందరికీ కృతజ్ఞత చెప్పాను, ఒక్కరికి మాత్రం చెప్పకూడదు. నేను రాసిన పేజీలో నా చేతిరాతలోనే ఉన్న నియమం అది. బ్యాచీలో దాన్ని అక్షరాలా పాటించింది ఆమె. కంటి సంగతి రాస్తే ఉలకకుండా వాన గురించే అడిగింది కూడా అందుకే. నేను దాన్ని అవమానం కింద రాసిపెట్టుకున్నాను.

"ఏమప్పా, మొగం అట్ల అయిపాయ? కూసో, నీళ్లిస్తా" అంటోంది వంటామె. నేను పెద్దసారు గదికి పరుగెత్తాను.

"ఎన్ని సోమవారాలు?" అన్నాడు పెద్దసారు.

"నాలుగు."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కేకలేసి ఉంటే బాగుండేది. "రూల్ రాసింది మీరే కదా సర్" అన్నాడు మెల్లగా. ఫోను తీసుకుని, "మేం చూసుకుంటాం, మీరు వెళ్లండి" అన్నాడు.

గుమ్మం బయట నిలబడి ఆమెకు జవాబు పంపాను. వాన పడింది. ఒక్క టిక్కే పడింది, అవతల అందితే రెండు పడాలి. ఈ రోజుకీ ఒక్కటే ఉంది.

ఆ తర్వాత నన్ను పాఠానికి పిలవలేదు. ఎవరో కుర్ర లాయరు చెబుతున్నాడట, నేను రాసిన పేజీనే పంచుతూ. ఫోను చేస్తే ఎత్తరు. ఒకే ఒక్కసారి ఆఫీసులో అమ్మాయి ఎత్తి, "కాన్ఫిడెన్షియల్ మ్యాటర్ అంకుల్" అని పెట్టేసింది. నమ్మకం చెడగొట్టుకున్న తోడుకు కబుర్లు చెప్పకూడదు, నిజమే. ఆ పాఠం చెప్పమంటే నేనూ అలాగే చెప్పేవాణ్ణి. కానీ నిన్ను తీసేశాం అని కూడా చెప్పలేదు. నేను ఊహించుకోవలసి వచ్చింది.

పోయిన నెల కుప్పం బస్సెక్కాను. తమ్ముడి ఇంటి ముందు దిగాను. తలుపు తీసే ఉంది. లోపల టీవీ మోగుతోంది, ఎవరో నవ్వారు. గడప దాకా పోయి, ఏమని పిలవాలో తెలియక కాసేపు నిలబడ్డాను. తిరుగు బస్సు వస్తే ఎక్కేశాను. కిటికీ పక్క సీటే దొరికింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

ఉత్తరాల్లో నా ప్రమోషను గురించి రాయలేదు, ఫొటో గురించి రాయలేదు. ఒక అర్జీలో ఒకటే విషయం ఉండాలని చెప్పినవాణ్ణి నేను. ఆమె చివరి ప్రశ్నకు నేను జవాబివ్వలేదు. ఆ రోజు ఆమె ఎక్కడ నుంచి అడిగిందో, జవాబు కోసం ఎంతసేపు చూసిందో, నేను టీ తాగడానికి పోయిన సోమవారానికీ కేంద్రానికి చెప్పిన సోమవారానికీ మధ్య ఏం జరిగిందో నాకు తెలియాలి. తప్పు నాదని తేలితే నాదని రాసి సంతకం పెడతాను. కాపీ మీద సీలు కూడా అడగను.

కేంద్రం పెద్దలకు, ఆమె కోసం ఫోన్లు చేసినవాళ్లకు, ఆమె ఊళ్లో వరస చివర కూర్చున్నవాళ్లకు, ఇది చదివి ఏదైనా తెలిసినవాళ్లకు చెబుతున్నాను. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఉంది, లేదు, తెలియదు. మూడింట్లో ఏదైనా సరే, ఒక్క మాట రాయండి. నేను ఇప్పటికీ సోమవారం పొద్దున మెట్ల మీద నిలబడుతున్నాను, ఆకాశం చూసి జవాబు సిద్ధంగా పెట్టుకుంటున్నాను. ఆమె ఎక్కడుంది? జవాబు చెప్పండి.